ఉదయగిరి దుర్గం, భైరవకోన గుహలు: రెండు రోజుల్లో తీరిగ్గా చూసొచ్చే పద్ధతి

భైరవకోనకు వెళ్లొచ్చినవాళ్లలో చాలామంది చెప్పేది ఒక్కటే: "జలపాతం బావుంది, తలంటుకున్నంత హాయిగా ఉంది." గుహల గురించి అడిగితే, "ఆ, దండం పెట్టుకున్నాం" అంటారు. ఉదయగిరి సంగతి ఇంకా అన్యాయం. బద్వేలు వైపు పోతూ బస్సు కిటికీలోంచి ఆ కొండను చూసినవాళ్లు వేలల్లో ఉంటారు, ఎక్కినవాళ్లు కొద్దిమంది. నెల్లూరు జిల్లా పడమటి అంచునా, ఉమ్మడి ప్రకాశం జిల్లా నైరుతి మూలనా వెలిగొండల్లో ఉన్న ఈ రెండు చోట్లకూ మధ్య కారులో గంటా గంటన్నర ప్రయాణం. ఒక్క రోజులో రెండూ ముగించాలని బయల్దేరితే రెండూ చూడనట్టే. రెండు రోజులు పెట్టుకోండి. ఏ పూట ఎక్కడ ఉండాలో ఎండను బట్టి, వెలుతురును బట్టి నిర్ణయించుకోండి. నేను చెప్పబోయే పద్ధతికి ఇదే పునాది.

కాలం ఎంచుకోవడం

మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా. వానలు వెనకబట్టాక, డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లడం అన్నివిధాలా మేలు. కోనలో నీళ్లు పారుతుంటాయి, కొండ పచ్చగా ఉంటుంది, మధ్యాహ్నం ఎండ కూడా తట్టుకోగలం. ఏప్రిల్, మే నెలల్లో ఉదయగిరి కొండ ఎక్కే ఆలోచనే వద్దు. కొండ మీద బండరాయి వేడెక్కితే కాలు మోపలేం, తాగడానికి చుక్క నీరు దొరకదు.

వానాకాలంలో భైరవకోన జలపాతం నిండుగా ఉంటుంది, నిజమే. కానీ కోనలో వాన పడకపోయినా పైన కొండల్లో కురిస్తే చాలు, సెలయేరు చూస్తుండగానే ఉబుకుతుంది. తుపాను హెచ్చరిక ఉన్న రోజున వెళ్లకండి. నీళ్లలో ఉండగా రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా వెంటనే ఒడ్డెక్కండి.

మహాశివరాత్రికీ కార్తీక పౌర్ణమికీ కోన జనంతో నిండిపోతుంది. కార్తీక పౌర్ణమి రాత్రి చంద్రుడి వెలుగు సెలయేటి నీళ్ల మీద పడి, అక్కణ్ణుంచి దుర్గాంబ అమ్మవారి మీద ప్రతిఫలిస్తుందని చెబుతారు. ఆ వెన్నెల కోసమే దూరాల నుంచి జనం వస్తారు. భక్తితో ఆ రాత్రి గడపాలనుకుంటే తప్పక వెళ్లండి. శిల్పాలు చూడాలనుకునేవాళ్లు మాత్రం మామూలు రోజే వెళ్లాలి, అది కూడా సోమవారం కాకుండా.

చేరడం, బస చేయడం

నెల్లూరు నుంచి ఉదయగిరి సుమారు వంద కిలోమీటర్లు. సంగం, ఆత్మకూరు మీదుగా ఆర్టీసీ బస్సులున్నాయి. రైల్లో వచ్చేవాళ్లు కావలిలో దిగి వింజమూరు, దుత్తలూరు మీదుగా కూడా రావచ్చు. ఒంగోలు వైపువాళ్లకు కనిగిరి, పామూరు దారి దగ్గర. వాళ్లు కావాలంటే ముందు భైరవకోన చూసి, తర్వాత ఉదయగిరికి రావచ్చు.

రాత్రి బసకు ఉదయగిరే నయం. మండల కేంద్రం కాబట్టి చిన్న లాడ్జీలు, హోటళ్లు, మందుల షాపులు, పెట్రోలు బంకులు ఉంటాయి. కొండ ఎక్కే ముందురోజు సాయంత్రానికే చేరుకుని బస్టాండు చుట్టుపక్కల రెండు పనులు చక్కబెట్టుకోండి. మొదటిది, రెండో రోజు భైరవకోనకు పోవడానికి ఆటోనో కారో మాట్లాడుకోవడం. ఉదయం పోయి మధ్యాహ్నం దాకా ఆగి, తిరిగి వచ్చేటప్పుడు దారిలోని శివక్షేత్రం ఘటిక సిద్ధేశ్వరం కూడా చూపించాలని ముందే తేల్చుకోండి. లేకపోతే అక్కడ బేరం మళ్లీ మొదలవుతుంది. రెండోది, కొండ మీదికి తోడు రావడానికి దారి తెలిసిన మనిషిని వెతుక్కోవడం. మేకలు కాసేవాళ్లు, కట్టెలకు పోయేవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు. కూలి ఎంతో ముందే మాట్లాడుకుని, వాళ్లకు కూడా తిండీ నీళ్లూ మీరే తీసుకెళ్లడం మర్యాద.

మొదటి రోజు తెల్లవారుజామున: దుర్గం

ఉదయగిరి కొండ ఎత్తు 3,079 అడుగులు. వెలుతురు రాగానే నడక మొదలుపెట్టండి. ఎక్కడానికి మూడు గంటలైనా వేసుకోండి, పైన తిరగడానికి రెండు గంటలు. "ఎండ నెత్తి మీదికి రాకముందే దిగే దారి పట్టండన్నా" అని అక్కడ ఎవరిని కదిలించినా అంటారు. ఆ మాట తు.చ. తప్పకుండా పాటించండి.

సంచిలో ఉండాల్సినవి: మనిషికి మూడు లీటర్ల నీళ్లు, పులిహోర పొట్లమో పెరుగన్నమో, బెల్లం ముక్క, టోపీ, చేతికర్ర, చిన్న టార్చి. చెప్పులతో ఎక్కకండి, పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. ముళ్ల పొదలు చాలా ఉంటాయి కాబట్టి పూర్తి ప్యాంటు అవసరం. సెంట్లు పూసుకోవద్దు, సిగరెట్టు కాల్చవద్దు, మంట అసలే పెట్టవద్దు. కొండచరియలకు తేనెపట్లు వేలాడుతుంటాయి. వాటిని కదిలిస్తే పరిగెత్తడానికి కూడా చోటుండదు. వెలిగొండల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. ఒంటరిగా వెళ్లకండి, నడుస్తూ మాట్లాడుకుంటూ ఉండండి. మనుషుల అలికిడి వింటే ఎలుగు చాలావరకు తనంతట తానే తప్పుకుంటుంది.

ఇక ఏం చూడాలంటే, ముందు దారినే చూడండి. ఈ కొండ విజయనగర సామ్రాజ్యంలో ఒక రాజ్యానికి, అంటే ఇప్పటి రాష్ట్రంలాంటి పాలనా ప్రాంతానికి, కేంద్రం. సంగమ వంశంలో హరిహరరాయల తమ్ముడు కంపరాయలు ఇక్కణ్ణుంచే తూర్పు సీమను పాలించాడు. తర్వాత కళింగ గజపతుల చేతిలోకి పోయింది. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలు దాదాపు ఏడాదిన్నర ముట్టడి వేయాల్సి వచ్చింది. 1514లో గానీ కోట లొంగలేదు. విజయనగరంలో ఉండి చరిత్ర రాసిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ ఆ ముట్టడి గురించి చెబుతూ, కోటకు ఉన్న దారి ఎంత ఇరుకంటే మనుషులు ఒకరి వెనక ఒకరుగా మాత్రమే పోగలరని, రాయలు బండలు పగలగొట్టించి వెడల్పాటి బాటలు వేయించాడని రాశాడు. ఎక్కుతూ ఎక్కుతూ ఒక మలుపు దగ్గర ఆగి వెనక్కి చూడండి. ఒక పక్క నిలువు చరియ, ఇంకో పక్క లోయ. పైన పదిమంది రాళ్లు పట్టుకుని కూర్చుంటే కింద పదివేల మంది ఏం చేయగలరో మీకే అర్థమవుతుంది. ఏడాదిన్నర ఎందుకు పట్టిందన్న ప్రశ్నకు జవాబు కాళ్లతో తెలుసుకోవాలనే నేను ఈ కొండ ఎక్కమనేది.

ఒకప్పుడు ఈ దుర్గంలో పదమూడు కోటలుండేవి. ఎనిమిది కొండ మీద, అయిదు కింద. ఇప్పుడు మిగిలినవి ప్రాకారాల తుంపులు, బురుజులు, నీటి గుంటలు, గుళ్ల మొండిగోడలు, మసీదులు. పైకి చేరగానే ఫొటోలు తీసుకోవడం మొదలుపెట్టకుండా ముందు నీళ్లు ఎక్కడెక్కడ నిలుస్తాయో వెతకండి. కొండకోటకు ప్రాణం నీళ్లే. వాన నీరు పల్లానికి జారి తొట్టిలోకి చేరేలా ఎక్కడ కట్ట కట్టారో, ఎక్కడ బండను తొలిచారో గమనిస్తే మిగతా కట్టడాలన్నీ వాటి చుట్టూ ఎందుకు అమరాయో తెలుస్తుంది. ఆ నీళ్లు మాత్రం తాగవద్దు, అంచుల్లోకి దిగవద్దు. పాచి పట్టిన రాయి జారుతుంది.

పదిహేడో శతాబ్దంలో గోల్కొండ కుతుబ్‌షాహీల సేనలు ఉదయగిరిని పట్టాక కట్టిన మసీదులు కొండ మీద ఉన్నాయి. పారశీక శాసనాలు కూడా చెక్కించారు. శిథిలాల్లో గుడి స్తంభం, కమాను, బురుజు ఒకే చూపులో కనబడతాయి. అక్షరాల మీద సుద్ద పూయడం, తడి గుడ్డతో రుద్దడం చేయకండి. పక్క నుంచి టార్చి వెలుతురు పడేలా పట్టుకుని ఫొటో తీస్తే అక్షరాలు చక్కగా తేలతాయి. ఈ కిటుకు రేపు గుహల్లో ఇంకా బాగా పనికొస్తుంది. గుర్తుపెట్టుకోండి. గుప్తనిధుల పేరుతో ఇలాంటి చోట్ల తవ్విన గుంతలు ఆకుల కింద కనబడకుండా ఉంటాయి. నడిచేటప్పుడు కర్రతో ముందు నేల తడుముకోండి. నాలుగు రూకల ఆశకు నాలుగు వందల ఏళ్ల గోడను కూల్చేవాళ్లను చూస్తే కడుపు మండుతుంది.

మధ్యాహ్నం, సాయంత్రం: ఊళ్లో

దిగి, భోంచేసి, కాసేపు నడుం వాల్చండి. నాలుగు దాటాక కొండ కింద ఊళ్లో ఉన్న రంగనాయకుల గుడికి నడవండి. పాడుబడినా స్తంభాల మీది చెక్కడం ఇప్పటికీ చూడముచ్చటగా ఉంటుంది. సాయంత్రపు ఏటవాలు ఎండ దానికి అచ్చంగా సరిపోతుంది. ఊళ్లోని కృష్ణ మందిరం కూడా చూడండి. రాయలు ఉదయగిరి గెలిచాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి, 1515లో అక్కడి కృష్ణాలయంలో ప్రతిష్ఠించాడు. ఆ బాలకృష్ణుడు ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాడు. హంపి చూసినవాళ్లు, చెన్నైలో ఉండేవాళ్లు ఈ మూడు చోట్లనూ కలిపి చూసుకోవచ్చు. నెల్లూరు నుంచి చెన్నై మూడు, మూడున్నర గంటల దూరమే కదా.

చీకటి పడేలోపు చెక్క గరిటెల పనివాళ్ల వీధికి వెళ్లండి. ఉదయగిరి చెక్క చెంచాలు, గరిటెలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. తరతరాలుగా ఈ పని చేస్తున్నవాళ్లలో ఎక్కువమంది ముస్లిం కుటుంబాలవాళ్లు. ఇప్పుడు ఆడవాళ్లే ఎక్కువగా చేస్తున్నారు. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి చెక్కలు వాడతారు. దుకాణంలో కొనేసి రాకుండా పనిచేస్తున్న ఇంటి గడప దగ్గర కాసేపు కూర్చోండి. చెక్క ముక్కను మడమకూ నేలకూ మధ్య అదిమిపట్టి, ఆకురాయితో చెంచా తొడిమను ఒకే దిక్కుగా గీస్తూ, మధ్య మధ్య బొటనవేలితో తడిమి చూస్తారు. వేలికి గరుకు తగిలిన చోటే మళ్లీ ఆకురాయి పెడతారు. కొలబద్ద ఎక్కడా కనబడదు. అయినా పక్కపక్కన పెట్టిన ఆరు చెంచాలూ ఒకే తీరుగా ఉంటాయి.

కొనేటప్పుడు చెంచాను వెలుతురుకు అడ్డంగా పట్టుకుని, గుంట భాగంలో పగులు ఉందేమో చూడండి. చెక్క పోగు తొడిమ పొడవునా నిలువుగా సాగి ఉంటే గట్టిది. అడ్డంగా ఉంటే విరుగుతుంది. ఇంటికి తెచ్చాక నీళ్లలో నానబెట్టకండి. వాడగానే కడిగి, నీడన ఆరబెట్టి, అప్పుడప్పుడూ చుక్క కొబ్బరినూనె రుద్దండి. బేరం మాత్రం గీచి గీచి ఆడకండి. పూటంతా చేసిన పనికి వాళ్లకు మిగిలేది అసలే తక్కువ.

రెండో రోజు: భైరవకోన

ఇక్కడ వేళ చాలా ముఖ్యం. భైరవకోనలో ఒకే కొండరాతిని తొలిచిన శివాలయాలు ఎనిమిది ఉన్నాయి. వాటిలో ఏడు తూర్పు ముఖం, ఒకటి ఉత్తర ముఖం. అంటే ఉదయం ఎండే నేరుగా గుహల ముఖాల మీద పడుతుంది. మిట్ట మధ్యాహ్నం పోతే అన్నీ నల్లటి గుంటల్లాగే కనబడతాయి. అందుకని తెల్లవారకముందే ఉదయగిరిలో బయల్దేరండి. సీతారామపురం మీదుగా వెళ్లి, చంద్రశేఖరపురం మండలంలోని అంబవరం కొత్తపల్లి చేరాలి. కోనకు ముందు చివరి ఊరు అదే. కొండల కింద చేలు, ఆవుల మందలు, రోడ్డు పక్క టీ బంకు. అక్కడ ఆగి టీ తాగి, సెలయేట్లో నీళ్లు ఎలా పారుతున్నాయో అడిగి తెలుసుకుని ముందుకు కదలండి. ఏ యాప్ కంటే కూడా వాళ్లు చెప్పే మాటే సరైనది.

కోనలోకి చేరగానే జలపాతం చప్పుడు పిలుస్తుంది. వెళ్లకండి. నీళ్లు ఎక్కడికీ పోవు, ఎండ పోతుంది. ముందు గుహలు.

ఈ గుహల పని క్రీ.శ. 7వ శతాబ్దం నుంచి మొదలై ఒకటి రెండు శతాబ్దాల పాటు సాగిందని చరిత్రకారుల అంచనా. మహాబలిపురంలో కనబడే పల్లవ పద్ధతికి దగ్గరి చుట్టరికం. మొదటి చుట్టు దండం పెట్టుకుంటూ తిరగండి. శశినాగ, రుద్రేశ్వర, విశ్వేశ్వర, నగరికేశ్వర, భర్గేశ్వర, రామేశ్వర, మల్లికార్జున, పక్షమాలిక అని ఎనిమిది లింగాలకు పేర్లు. విశ్వేశ్వరుడంటే కాశీ, మల్లికార్జునుడంటే శ్రీశైలం. ఊరు దాటి పోలేని పల్లె మనిషికి యాత్రాఫలం ఇక్కడే దక్కాలన్న ఆలోచన ఈ పేర్లలో ఉందని నాకనిపిస్తుంది. కోనకు పేరిచ్చిన భైరవుడు ఇక్కడ క్షేత్రపాలకుడు. ముందు ఆయనకు నమస్కరించి లోపలికి వెళ్లడం ఆనవాయితీ.

రెండో చుట్టు చూడటానికి. ఉత్తర ముఖంగా ఉన్న గుహతో మొదలుపెట్టండి. అది మిగతావాటి కంటే సాదాగా ఉంటుంది. తర్వాత తూర్పు ముఖపు గుహలను ఒక్కొక్కటే చూస్తూ పోతూ, ప్రతి దగ్గరా ఇవే నాలుగు విషయాలు గమనించండి: స్తంభాలు, ద్వారపాలకులు, ముఖద్వారానికి అటూ ఇటూ ఉన్న గణపతి, చండీశ్వరుడు (శివభక్తుడు), ఎదురుగా ఉన్న నంది. ఏ గుహలో స్తంభం మామూలుగా ఉంది? ఏ గుహలో స్తంభం కింద కూర్చున్న సింహం వచ్చింది? ద్వారపాలకుడు ఒక చోట బిగుసుకుపోయి నిలబడితే, ఇంకో చోట నడుం వంచి గద మీద బరువు మోపి ఎంత సులువుగా నిలబడ్డాడు? ఇలా పోల్చుకుంటూ పోతే ఎనిమిది గుహలూ ఎనిమిది గుళ్లలా కాక, ఒకే పనిని తరం వెంట తరం చేస్తూ చేస్తూ చెయ్యి తిరిగిన శిల్పుల అభ్యాసంలా కనబడతాయి. భైరవకోనలో నన్ను కట్టిపడేసేది ఇదే. మహాబలిపురంలో రాజుల గొప్ప కనబడుతుంది. ఇక్కడ, అడవి మధ్యలో, పనివాళ్ల ఓర్పు కనబడుతుంది.

నిన్న చెప్పిన టార్చి కిటుకు ఇక్కడ వాడండి. పూజారిగారిని అడిగి, ఆయన సరేనంటేనే. వెలుతురును గోడకు ఎదురుగా కాకుండా పక్కనుంచి, గోడను రాసుకుంటూ పోయేలా పట్టుకోండి. చదునుగా ఉందనుకున్న గోడ మీద ఉలి గాట్లు వరసలు వరసలుగా లేస్తాయి. కొన్ని కుడికి వాలి ఉంటాయి, కొన్ని ఎడమకు. గాటు ఏ వైపు వాలిందో చూస్తే ఉలి ఏ వైపు నుంచి దిగిందో ఊహించవచ్చు. సుత్తి దెబ్బ ఒక్కటి ఎక్కువైనా విరిగిన ముక్కను అతికించే వీల్లేని పని అది. గోడకు చెయ్యి ఆనించి తడమాలనిపిస్తుంది. తడమకండి. చేతి చెమట, జిడ్డు రాయిని నల్లబరుస్తాయి. అలాగే శిల్పాలకు పసుపు కుంకుమలు పూయడం, గుహ మెట్ల మీద టెంకాయలు కొట్టడం మానండి. పూజ జరిగే చోటనే పూజ, అందుకు ఏర్పాటున్న చోటనే టెంకాయ.

తొమ్మిదిన్నర, పది దాటాక దుర్గాంబ అమ్మవారిని దర్శించుకుని, అప్పుడు జలపాతానికి పోండి. సుమారు 200 అడుగుల ఎత్తు నుంచి నీళ్లు దూకుతాయి. వేసవి ముదిరితే ధార సన్నబడుతుంది. నీళ్ల కింద నేరుగా నిలబడకుండా ధారకు ఒక పక్కన ఉండండి, పైనుంచి చిన్న రాళ్లు కూడా రావచ్చు. పిల్లల చెయ్యి వదలవద్దు. సబ్బులు, షాంపూ ప్యాకెట్లు దయచేసి వాడకండి. ఈ నీళ్లే కింద పశువులు తాగుతాయి. తడి బట్టలు మార్చుకునేటప్పుడు సంచి మూత బిగించి పెట్టుకోండి, కోతులు చూస్తూనే ఉంటాయి.

తిరుగుదారిలో ఘటిక సిద్ధేశ్వరం

సీతారామపురం మండలంలోనే, కొండల మధ్య ఉన్న శివక్షేత్రం ఇది. సిద్ధేశ్వరస్వామి, ఇష్టకామేశ్వరి అమ్మవారు. అగస్త్యుడు ఇక్కడ తపస్సు చేశాడని చెబుతారు. గుడి కట్టడం కంటే కూడా, కొండల నడుమ ఆ నిశ్శబ్దం కోసమూ, అన్నదానం కోసమూ ఇక్కడ ఆగమంటాను. ఈ మండలంలోని బెడుసుపల్లిలో పుట్టిన అవధూత కాశినాయన వెలిగొండ, నల్లమలల్లో పాడుబడిన గుళ్లను బాగుచేయిస్తూ, వెళ్లిన చోటల్లా అన్నదానం పెట్టించారు. ఆ అన్నదానమే ఇక్కడా సాగుతోంది. వేళకు చేరితే కులమూ మతమూ అడగకుండా విస్తరి వేస్తారు. వడ్డించింది వదలకుండా తినండి, తిన్నాక చేతనైతే నాలుగు విస్తళ్లు ఎత్తండి లేదా హుండీలో తోచింది వేయండి.

పెద్దవాళ్లతో, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకు

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దుర్గం ఎక్కాల్సిన పనిలేదు. మొదటి రోజు ఉదయం వాళ్లు ఊళ్లో గుళ్లు చూసి, చెక్క పనివాళ్ల వీధిలో కాలక్షేపం చేయవచ్చు. వయసులో ఉన్నవాళ్లు కొండ ఎక్కి వస్తారు. నెల్లూరు నుంచి వచ్చేవాళ్లు ఆత్మకూరు దగ్గర దారి మళ్లి అనుమసముద్రంపేట దర్గాను కూడా చూసుకోవచ్చు. జ్వరాలు, బాధలు తీరతాయన్న నమ్మకంతో హిందువులూ ముస్లింలూ కలిసి వచ్చే చోటు అది.

కోనలో, కొండ మీద సెల్ సిగ్నల్‌ను నమ్ముకోకండి. ఏ పూట ఎక్కడ ఉంటారో, ఎన్నింటికి దిగుతారో ఉదయగిరిలో బస చేసిన చోట చెప్పి బయల్దేరండి. చేతి ఖర్చుకు నోట్లు, చిల్లర దగ్గర పెట్టుకోండి. రెండో రోజు ఘటిక సిద్ధేశ్వరంలో మధ్యాహ్నం మూడుకల్లా కదిలితే చీకటి పడకముందే ఉదయగిరి చేరి, నెల్లూరు బస్సు పట్టుకోవచ్చు. ఆఖరి బస్సు ఎన్నింటికో ముందురోజే బస్టాండులో అడిగి పెట్టుకోండి.